గొర్రెలు గీసిన పటం

డండీ, స్కాట్లండ్,
ఆదివారం రాత్రి.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. చెల్లెమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని తెలిసి మేమిద్దరం సంతోషించాము. వెంటనే జవాబు రాయకపోవడానికి బద్ధకం కారణం కాదు. నీకు రాయదగిన సంగతి ఒకటి దొరికేదాకా ఆగుదామనుకున్నాను, అది ఈరోజు దొరికింది. మే నెలలో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుగు పోదు కనుక, దీపం వేసుకోకుండానే కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఉద్యోగమున్నంత కాలం సర్వే గొలుసు పట్టుకుని భూములు కొలుస్తూ ఊళ్ళ వెంట తిరిగినవాళ్ళం మనం. ఈ సంగతి నీకు కాక మరొకరికి చెబితే సగం వృథా.

మా అల్లుడు ఈ ఉదయం మమ్మల్ని ఇక్కడికి దగ్గరలోనే ఉన్న సెయింట్ ఆండ్రూస్ అనే ఊరికి తీసుకువెళ్ళాడు. ఊరు చిన్నది, పేరు పెద్దది. 1413 నాటి విశ్వవిద్యాలయం, శిథిలమై గోడలు మాత్రమే మిగిలిన ఒక మహా చర్చి, ఉత్తర సముద్రం, ఆ సముద్రాన్ని ఆనుకుని "ఓల్డ్ కోర్స్" అని పిలిచే గోల్ఫ్ మైదానం అక్కడున్నాయి. గోల్ఫ్ మీద నాకున్న అభిప్రాయం నీకు తెలిసినదే. ఊరికి తాగునీరు లేకపోయినా గడ్డికి నీళ్ళు పెట్టుకునే ఆట అని నేనే ఎన్నోసార్లు నీతో అన్నాను. అందుకే ముందు రానన్నాను. "మామయ్యగారూ, ఈరోజు ఆదివారం, అక్కడ ఆట ఉండదు, ఎవరైనా వెళ్ళి నడవవచ్చు" అని అల్లుడు చెప్పేసరికి ఆశ్చర్యపోయి బయలుదేరాను.

అతను చెప్పినది నిజమే. ప్రపంచంలో ఈ ఆట ఆడేవాళ్ళందరూ జన్మలో ఒక్కసారైనా అడుగుపెట్టాలని కోరుకునే ఆ మైదానం, పెద్ద పోటీలు జరిగే కొద్ది సందర్భాలు మినహాయిస్తే, ఆదివారం నాడు ఊరి ఉద్యానవనం అయిపోతుంది. టిక్కెట్టు లేదు, గేటు లేదు, కాపలాదారు లేడు. కుక్కలను తిప్పేవాళ్ళు, తోపుడుబండిలో పసిపిల్లలను తోసుకుంటూ వచ్చిన తల్లులు, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే నాబోటి ముసలివాళ్ళు, అందరూ అక్కడే ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో దాదాపు నలభై ఏళ్ళు ఈ నేలను సంరక్షించిన టామ్ మోరిస్ అనే పెద్దమనిషిని ఆదివారం ఎందుకు ఆడనివ్వవని ఎవరో అడిగితే, మీకు అలుపు లేకపోయినా నేలకు అలుపు ఉంటుంది అన్నట్టుగా జవాబిచ్చాడని చెప్పుకుంటారు. పొలాన్ని ఒక ఏడు బీడు పెట్టే మన రైతుకు ఆ మాట వివరించి చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను అక్కడ అడుగుపెట్టగానే చూసినది గోల్ఫ్ మైదానాన్ని కాదు, పోరంబోకును. నువ్వు పక్కన ఉంటే నువ్వు కూడా వెంటనే ఆ మాటే అని ఉండేవాడివి. సముద్రం ఒకప్పుడు ఇంకా లోపలికి ఉండి, తరువాత వెనక్కి తగ్గినప్పుడు వదిలిపెట్టిన ఇసుక మీద గాలి దిబ్బలు పోసింది. ఆ దిబ్బల మీద సన్నని, బిరుసైన గడ్డి పట్టింది. నాగలి పట్టదు, పంట నిలవదు, నీరు పోసినా క్షణంలో ఇంకిపోతుంది. సముద్రానికీ సాగుభూమికీ నడుమ దేనికీ పనికిరాక మిగిలిన ఇటువంటి ఇసుక నేలను స్కాట్లండులో "లింక్స్" అంటారు. మన అడంగల్‌లో అయితే మేత పోరంబోకు అని ఒక ముక్క రాసి ఊరుకునేవాళ్ళం. ఇక్కడి ప్రజలు కూడా అలాగే గొర్రెలను తోలారు, కుందేళ్ళను వదిలారు, బట్టలు ఉతికి ఆ గడ్డి మీద ఆరవేసుకున్నారు, తీరిక దొరికినప్పుడు వంకర కర్రలతో బంతిని కొట్టుకున్నారు. ఈ ఆట పిచ్చి ఎంత ముదిరిందంటే, జనం విలువిద్య సాధన మానేస్తున్నారని 1457లో రాజు రెండో జేమ్స్ కాలంలో పార్లమెంటు గోల్ఫ్‌నూ ఫుట్‌బాల్‌నూ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం ఏ మేరకు అమలైందో చెప్పడానికి నేను నిలుచున్న చోటే సాక్ష్యం.

ఈ మైదానాన్ని ఎవరు రూపొందించారని అడిగితే మా అల్లుడు నవ్వి ఎవరూ లేరన్నాడు. అది పూర్తిగా నిజం కాదని తరువాత తెలిసింది గాని, చాలా వరకు నిజమే. బంకరు అంటారు చూడు, బంతి పడితే బయటకు తీయడానికి చెమటలు పట్టే ఇసుక గుంట, అవి ఇక్కడ 112 ఉన్నాయి. సముద్రపు గాలి కొట్టినప్పుడు గొర్రెలు దిబ్బల చాటున ఒదిగి ఒదిగి పడుకోగా అక్కడ గడ్డి పోయి ఇసుక బయటపడిందనీ, కుందేళ్ళ బొరియలు కూలి గుంటలు పెద్దవయ్యాయనీ, అలా ఏర్పడినవే వీటిలో చాలా బంకర్లనీ చెబుతారు. గడ్డి కోసే యంత్రాలు లేని రోజుల్లో గడ్డిని పొట్టిగా ఉంచినవి కూడా ఆ గొర్రెలూ కుందేళ్ళే. అంటే జీతం లేని రూపశిల్పులు, జీతం లేని తోటమాలులు. మనుషులు చేసినదల్లా ఆ గుంటలకు పేర్లు పెట్టుకోవడం. ఒకదాని పేరు నరకం, ఒకదాని పేరు సింహం నోరు, కొన్నిటికి శవపేటికలు, పక్కపక్కన ఉన్న మరికొన్నిటికి కలిపి ప్రిన్సిపాలుగారి ముక్కు. ఆ ప్రిన్సిపాలుగారు ఎవరో గాని, ముక్కు మాత్రం శాశ్వతమైపోయింది. హోల్ అంటే బంతిని చివరికి వేయవలసిన చిన్న గుంత, దాని దాకా సాగే ఆటబాటను కూడా అలాగే అంటారు. పద్నాలుగో హోల్ దగ్గర ఉన్న నరకంలోకి నేను దిగి చూశాను. నా తల మీద ఇంకా రెండు మూర్ల గోడ ఉంది. పైకి రావడానికి మా మనవడు చెయ్యి అందించవలసి వచ్చింది.

నడక గురించి చెప్పాలి. మైదానం ఊరి నడిబొడ్డున, రాతి ఇళ్ళ గుమ్మాల ముందు మొదలై, సముద్రం ఒడ్డునే సన్నని పట్టీలా సాగి, ఈడెన్ అనే చిన్న నది సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్ళి, అక్కడ గొర్రెల కాపరి చేతికర్ర కొసలా వంపు తిరిగి, వెళ్ళిన దారి పక్కనుంచే ఊళ్ళోకి తిరిగి వస్తుంది. వెళ్ళేటప్పుడు గోపురాలు వీపు వెనక, వచ్చేటప్పుడు కళ్ళ ఎదుట. రెండు వైపులా ఒళ్ళంతా ముళ్ళున్న గార్స్ పొదలు ఇప్పుడు పసుపు పూలతో విరగబూసి ఉన్నాయి. నేల మాత్రం ఎక్కడా పది గజాలు చదునుగా లేదు. అల దిగాక తడి ఇసుక మీద మిగిలే మడతలు చూశావు కదా, అవే మడతలు వెయ్యి రెట్లు పెద్దవై గడ్డి కప్పుకున్నట్టు ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఏమీ లేని బయలు. అడుగు వేస్తేనే ఎత్తు పల్లాలు తెలుస్తాయి. మొదటిసారి చూసి నిరాశ పడేవాళ్ళు చాలామంది ఉంటారని అల్లుడు చెప్పాడు. నేను పడలేదు, ఎందుకంటే నా కాళ్ళకు ఆ నేల మన బాపట్ల వైపు ఇసుక దిబ్బల్లా తగిలింది. అక్కడ తాటిచెట్లు, సరుగుడు; ఇక్కడ ఒక్క చెట్టు లేదు, అంతే తేడా. చలి సంగతి వేరే, దాని గురించి మీ చెల్లెలు విడిగా ఉత్తరం రాయగలదు.

ఈ ఇరుకు పట్టీ వల్ల జరిగిన ఒక ముచ్చట నీకు నచ్చుతుంది. మొదట్లో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే దారిలో, ఒకే హోళ్ళలోకి ఆడేవారు. పోనూ రానూ కలిపితే 22 హోళ్ళు అయ్యేవి. 1764లో, మొదటి నాలుగు మరీ పొట్టిగా ఉన్నాయని వాటిని కలిపి రెండు చేశారు. పోయేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు తగ్గి 18 మిగిలాయి. ప్రపంచమంతటా గోల్ఫ్ 18 హోళ్ళ ఆట కావడానికి శాస్త్రమేమీ లేదు, ఈ ఊరివాళ్ళు తమ సందు సౌకర్యం కొద్దీ చేసుకున్న సర్దుబాటే కారణం. ఆ తరువాత 1848 ప్రాంతంలో, పక్షి ఈకలు కుక్కి కుట్టిన ఖరీదైన తోలు బంతుల స్థానంలో మలయా దేశపు చెట్ల పాలతో చేసిన చవక బంతులు వచ్చాయి. చవక కావడంతో ఆడేవాళ్ళు పెరిగారు, ఎదురెదురుగా వచ్చే గుంపులు ఒకే హోల్ దగ్గర ఢీకొనసాగాయి. అప్పుడు పొదలు నరికి దారిని వెడల్పు చేసి, ఒక్కొక్క గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి నేల) మీద రెండేసి హోళ్ళు తవ్వారు, పోయేవాళ్ళకు ఒకటి, వచ్చేవాళ్ళకు ఒకటి. అలా ఏర్పడిన జంట గ్రీన్లు ఏడు ఉన్నాయి. వాటిలో ఏ జంట సంఖ్యలు కూడినా 18 వస్తుంది: రెండూ పదహారూ, మూడూ పదిహేనూ, అలా ఎనిమిదీ పదీ దాకా. అయిదూ పదమూడూ కలిసి ఉన్న గ్రీన్ ఒక్కటే ఎకరానికి కాస్త తక్కువ. నేను అలవాటు చొప్పున అడుగులతో కొలిచాను. కుక్కను తిప్పుకుంటున్న ఒక పెద్దావిడ నా వాలకం చూసి ఏదో పోగొట్టుకున్నాననుకుని తానూ వెతకసాగింది.

ఇంకొకటి. చాలా కాలం ఈ మైదానాన్ని ఒక వారం సవ్యంగా, ఒక వారం అపసవ్యంగా ఆడేవారట, నేల ఒకే చోట అరిగిపోకుండా. ఇప్పుడు ఒకే దిశలో ఆడుతున్నారు గాని, ఎదురు దిశలో ఆడినప్పటి బంకర్లు అలాగే మిగిలి ఉన్నాయి. అందుకే కొన్ని గుంటలు ఆటగాడికి కనబడవు. అవి అతనికి వీపు తిప్పి కూర్చుని ఉంటాయి. తప్పు ఎక్కడ చేశాడో బంతి దగ్గరకు వెళ్ళాక గాని తెలియదు. 1921లో బాబీ జోన్స్ అనే పందొమ్మిదేళ్ళ అమెరికా కుర్రవాడు పదకొండో హోల్ బంకరులో చిక్కుకుని, కోపం పట్టలేక పోటీ మధ్యలోనే ఆట వదిలేశాడు. అదే కుర్రవాడు 1927లో ఇక్కడే ఓపెన్ అనే పెద్ద పోటీ గెలిచాడు, ఈ నేలను ప్రాణంగా ప్రేమించాడు, 1958లో ఆ ఊరివాళ్ళు అతన్ని తమ గౌరవ పౌరుణ్ణి చేసుకున్నారు. అంతకు ముందు ఆ గౌరవం దక్కిన అమెరికావాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, అదీ 1759లో. తిట్టి వెళ్ళినవాణ్ణి దాదాపు రెండు వందల ఏళ్ళ తరువాత మళ్ళీ వేసిన పీట మీద కూర్చోబెట్టారన్నమాట.

మన వృత్తివాడు ఒకడు కూడా ఈ కథలో ఉన్నాడు. అలిస్టర్ మెకెంజీ అనే ఆయన చదివినది వైద్యం. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి వెళ్ళి, అక్కడి రైతు సైనికులు నేల మడతల్లో ఎలా కనబడకుండా దాక్కుంటారో చూసి, ఆ కిటుకును గోల్ఫ్ మైదానాలకు పట్టించాడు. ఆయన ఓల్డ్ కోర్సును అంగుళం వదలకుండా కొలిచి 1924లో పటం గీశాడు. దాని ప్రతి ఒకటి దుకాణం గోడ మీద చట్రంలో చూసి నేను కదలలేకపోయాను. ఒక్కొక్క గుంట వంపు, పొదల అంచు, కాలువ మలుపు, అన్నీ ఉన్నాయి. సరళరేఖ మాత్రం వెతికినా దొరకదు. మనం ఎఫ్.ఎం.బి.లో, అదే పొలం కొలతల పుస్తకంలో, వంకర గట్టును కూడా రెండు రాళ్ళ మధ్య తిన్నని గీతగా లాగి సరిపెట్టేవాళ్ళం, గుర్తుంది కదా. ఆయన ఇక్కడ నేర్చుకున్నదాన్ని తీసుకుని కాలిఫోర్నియాలో సైప్రెస్ పాయింట్, బాబీ జోన్స్‌తో కలిసి జార్జియాలో అగస్టా మైదానాలు రూపొందించాడు. ప్రకృతికి అనుగుణంగా మైదానం కట్టడమనే విద్యకు ఎవరూ కట్టని మైదానమే బడి అయింది.

ఇక హక్కుల సంగతి. దీన్ని చదివేటప్పుడు నువ్వు కళ్ళజోడు సరిచేసుకుంటావని నాకు తెలుసు. 1552లో ఆర్చిబిషప్ హామిల్టన్ ఈ నేల మీద కుందేళ్ళు పెంచుకోవడానికి ఊరి పెద్దలనుంచి అనుమతి పొందుతూ, ఊరివాళ్ళు ఇక్కడ గోల్ఫ్, ఫుట్‌బాల్, ఇతర ఆటలు ఆడుకునే హక్కు యథాతథంగా ఉంటుందని అదే పత్రంలో ఒప్పుకున్నాడు. అంత పెద్ద మతాధికారి కూడా సామాన్యుడి ఆట హక్కును కాగితం మీద పెట్టవలసి వచ్చిందంటే ఆ హక్కు అప్పటికే ఎంత పాతదో ఊహించు. అయితే 1797లో ఊరి ఖజానా దివాలా తీసి, ఆ నేల వ్యాపారుల చేతికి పోయింది. వాళ్ళు కుందేళ్ళ పెంపకం మొదలుపెట్టారు. కుందేళ్ళు ఆట నేలంతా తవ్వి పారేశాయి. ఆటగాళ్ళకూ కుందేళ్ళవాళ్ళకూ కోర్టుల్లోనూ, మైదానం మీదా ఇరవై ఏళ్ళకు పైగా యుద్ధం నడిచింది. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి, తానూ గోల్ఫ్ ఆడేవాడే, నేలను కొని గొడవ ముగించాడు. 1894లో పార్లమెంటు చట్టం ద్వారా అది తిరిగి ఊరి పరమైంది. 1974లో మరో చట్టం చేసి ఒక ట్రస్టును ఏర్పరచి దాని నిర్వహణకు అప్పగించారు. ఈనాటికీ అది ఏ క్లబ్బు సొంతమూ కాదు. మొదటి హోల్ వెనుక ఠీవిగా నిలబడిన రాతి భవనం రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బుది. భవనం వాళ్ళది, నేల ఊరిది. బయటివాళ్ళు ఆడాలంటే రుసుము గట్టిగానే ఉంది గాని, ముందుగా పేరిచ్చి చీటీలో వస్తే ఆడవచ్చు. పక్కనే "న్యూ కోర్స్" అని మరొకటి ఉంది. ఎంత కొత్తదో అని అడిగితే 1895 అన్నారు.

మరొక వింత కూడా చూశాను. మొదటి హోలునూ పద్దెనిమిదో హోలునూ అడ్డంగా కోస్తూ గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే సన్నని దారి సముద్రం వైపు వెళుతుంది. అది ప్రజల దారి. ప్రపంచ ప్రసిద్ధమైన గడ్డి మధ్యలోనుంచి కార్లు వెళతాయి, జనం ఐస్‌క్రీము నాకుతూ నడుస్తారు, ఆటగాడే కర్ర దించి ఆగుతాడు. దానికి కొంచెం అవతల స్విల్కన్ అనే పిల్లకాలువ, దాని మీద పశువులు దాటడానికి ఏడు వందల ఏళ్ళ క్రితం కట్టారని చెప్పే చిన్న రాతి వంతెన. మన పంట కాలువ మీది తూములాంటిదే. దాని మీద నిలబడి ఫొటో దిగడానికి జనం వరుస కడతారు. అంతమంది తొక్కిడికి గడ్డి నిలవడం లేదని 2023లో వంతెన మొదట్లో గుండ్రంగా రాళ్ళు పరిచారు. ఇంటి పెరట్లో అరుగులా ఉందని లోకమంతా గగ్గోలు పెట్టడంతో, కొద్ది రోజుల్లోనే ఆ రాళ్ళు పీకేసి గడ్డి వేశారు.

మీ చెల్లెలికి నచ్చినది మాత్రం వేరే. మైదానం పక్కనే హిమాలయాలు ఉన్నాయని అల్లుడు అనగానే ఆవిడ చలికోటు బొత్తాలు పెట్టుకోసాగింది. తీరా చూస్తే అది మోకాలెత్తు గుట్టలూ గుంతలూ ఉన్న గడ్డి నేల, బంతిని దొర్లించి గుంటలో వేసే చిన్న ఆట కోసం. ఆడవాళ్ళు కర్రను భుజం పైకి ఎత్తి కొట్టడం మర్యాద కాదనుకునే రోజుల్లో, 1867లో, వాళ్ళ కోసం మొదలైన క్లబ్బుది అది. పెద్ద క్లబ్బు భవనంలోకి ఆడవాళ్ళను సభ్యులుగా రానివ్వడానికి 2014 దాకా పట్టింది. ఈ లోగా వీళ్ళు తమ హిమాలయాలు తాము ఎక్కుతూనే ఉన్నారు. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆడవచ్చు. కర్ర పట్టుకోవడం జన్మలో మొదటిసారి అయినా మీ చెల్లెలు మనవణ్ణి ఓడించింది. గచ్చకాయలు ఆడిన చెయ్యి అని నేనంటే, కాదు, పిడకలు గోడకు కొట్టిన చెయ్యి అంది.

నేను ఆటల గురించి ఇంత పొడవు రాశానని నవ్వుకుంటూ ఉంటావు. నిజానికి నేను ఆ గ్రానీ క్లార్క్ దారి దగ్గరే ఆగిపోయాను. మనం ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, సముద్రం పక్క ఆ ఊళ్ళో రీసర్వే చేసినప్పుడు, సరుగుడు తోటకూ ఒడ్డుకూ మధ్య దిబ్బల మీద గొర్రెలవాళ్ళు నడిచే కాలిదారి ఒకటి ఉండేది. పాత రికార్డులో లేదు గనుక మనం గీయలేదు. ఒక ముసలాయన మన వెంట మధ్యాహ్నమంతా తిరిగి, చివరికి చేతికర్రతో ఇసుకలో గీత గీసి, "ఇదిగో బాబూ, ఇట్టా పోయిద్ది" అని చూపించాడు. మనం తల ఊపి గొలుసు చుట్టుకుని వచ్చేశాము. ఈరోజు ఆ గీత చాలాసార్లు గుర్తుకు వచ్చింది.

ఆ షీటు నకలు నీ ట్రంకు పెట్టెలో ఇంకా ఉందా? ఉంటే తీసి, ఆ దారి ఏ సర్వే నంబర్ల మీదుగా పోయేదో నీకు గుర్తున్నంత మేరకు పెన్సిలుతో గీసి ఫొటో పంపు. తాటితోపుకు దక్షిణం పక్కనుంచి మొదలయ్యేదని నా జ్ఞాపకం, ఉప్పుకయ్య దగ్గర మాత్రం తూర్పుకు తిరిగేదో పడమరకు తిరిగేదో తేలడం లేదు. వెలుగు ఇంకా ఉంది గాని, అన్నం వడ్డించానని మీ చెల్లెలు రెండోసారి పిలుస్తోంది.

నీ మిత్రుడు